గడ్డిలో పెట్టని కోటు

దీపాలు ఆరగానే పిల్లలందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. నేను పీల్చిన ఊపిరి మాత్రం లోపలే ఉండిపోయింది. ఓర్విల్ మాట ఇచ్చాడు, మాట తప్పే మనిషి కాదు, చిన్నప్పుడు నా తరగతిలో కిటికీ అద్దం పగలగొట్టి తనే వచ్చి చెప్పినవాడు, ఈ హాలు కొని తెర కట్టిన తర్వాత కూడా చర్చి ఆడవాళ్ళు ముద్దులు వద్దంటే ముద్దులన్నీ కత్తిరించి పక్కన పెట్టేవాడు. నేను అడిగింది ఒక్క ముక్క. ఆ ముక్క తీసేశాడా లేదా అన్నది ఆట అయ్యేలోగా తెలుస్తుంది. అంతవరకూ నేను ఇక్కడే కూర్చోవాలి, ముందు వరుసలో, నా తరగతి పిల్లల మధ్య, తడిసిన ఉన్ని కోట్ల వాసనలో, వేరుశనగ తొక్కల చప్పుడులో. బడి పిల్లలందరినీ ఈ మధ్యాహ్నం ఆటకు తీసుకురమ్మన్నది సూపరింటెండెంట్ హాడ్లీగారు. మూగజీవుల మీద దయ నేర్పే చిత్రమట, పేరే 'మూగజీవుల మొర', సర్కసుల్లో అడవి మృగాలను ఎలా హింసిస్తారో చూపించి పిల్లల మనసు కరిగిస్తుందట. "బళ్ళో దయాసంఘం నడిపేది మీరే కదా మిస్ ట్రెస్లర్, మీ తరగతి ముందు కూర్చోవాలి" అన్నారు. అని కాస్త ఆగి, "మీ చెల్లెలి ఆత్మకి కూడా శాంతిగా ఉంటుంది" అన్నారు. ఈ చిత్రం తీస్తుండగానే, పోయిన శీతాకాలం, నది అవతలి సర్కస్ కొట్టాల్లో, సింహాలను ఆడించే మా చెల్లెలు డెల్ఫా సింహం బోనులో చనిపోయింది. ఆయనకు తెలిసింది అంతవరకే, ఊరికి తెలిసిందీ అంతే. ఆ చావు ఆఖరి రీలులో ఉందని, టిక్కెట్టు కొన్నవాడెవడైనా చూడవచ్చని నాకు తెలుసు.

తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. పిల్లలు బళ్ళో పాఠంలా కలిసి చదవడం మొదలుపెట్టారు. నా ముందు ఒక్క పేరా కూడా తడబడకుండా చదవని క్లీటస్ అందరికంటే ముందు చదివేస్తున్నాడు. "ఆఫ్రికా. తల్లి సింహం స్వేచ్ఛగా సంచరించు చోటు." ఆ ఆఫ్రికా మా నది ఒడ్డున ఇసుక మేట. కాగితపు తాటిచెట్లు గాలికి వాలిపోకుండా తీగలతో కట్టారు, ఒకచోట ఆ తీగ కనబడుతోంది, ఇంకోచోట చెట్టు మొదట్లో మంచు కనబడుతోంది. "ఒరేయ్, అది మా పెదనాన్న ఒంటె" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. "నోర్మూసుకోరా, అది ఆఫ్రికా ఒంటె." "ఆఫ్రికా ఒంటెకి మా పెదనాన్న కట్టిన ముక్కుతాడు ఎట్లా వచ్చిందిరా మరి?" అందరూ నవ్వారు. ఈ ఊరి పిల్లలను మోసం చేయడం కష్టం, వీళ్ళు సింహాల గర్జనకు నిద్ర లేచే పిల్లలు, ఏనుగులు వంతెన దాటుతున్నాయి టీచర్ అని ఆలస్యానికి కారణం చెప్పే పిల్లలు, ఆ కారణం నేను నమ్మవలసిన ఊరు ఇది. నా పక్కన ఆర్డిత్ కూర్చుంది, కొట్టాల్లో గుర్రాలకు నాడాలు కొట్టేవాడి కూతురు. దయాసంఘం బిళ్ళ అందరూ కోటుకు పెట్టుకుంటే తను టోపీకి పెట్టుకుంది, దూరం నుంచి కూడా కనబడాలని. "టీచర్, ఎస్తేరు కూడా వస్తుందా?" అని చెవిలో అడిగింది. వస్తుంది అన్నాను. అనగానే వచ్చింది.

ఎస్తేరు బోనులో అటూ ఇటూ తిరుగుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. 'ఓ మూగజీవీ, నీ ఆకలి కేకలు వినువారెవరు' అని అక్షరాలు అడిగాయి, పిల్లలు గట్టిగా చదివారు, వెనక ఎవరో చిన్నపిల్ల ముక్కు చీదుకుంది. హాడ్లీగారు తల ఊపారు. ఆ పక్కటెముకలు వేషం కాదండీ హాడ్లీగారూ. మా సింహం మరీ బొద్దుగా, సుఖంగా కనబడుతోందని డైరెక్టరు దానికి మాంసం మానిపించాడు. హింస చూపించడానికి హింసించారు, ఆ హింసను చూసి మా పిల్లలు దయ నేర్చుకోవాలి. నేను పలక మీద రాసి చెరిపినట్టు ఈ వాక్యాన్ని ఏడాదిగా మనసులో రాసి చెరుపుతున్నాను, ఎక్కడా తప్పు దొరకడం లేదు, ఎవరికీ చెప్పలేదు.

ఎస్తేరు మా మేనత్త పేరు. పిల్లగా ఉన్నప్పుడు తల్లి పాలివ్వకపోతే డెల్ఫా దాన్ని పెట్టెలో పెట్టుకుని మా వంటింటికి తెచ్చింది, పొయ్యి పక్కన పెట్టి సీసాతో పాలు పట్టింది. ఆ పిల్ల తల ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. "చూడక్కా, అచ్చం మేనత్త చర్చిలో పక్కావిడ టోపీని చూసినట్టే చూస్తోంది" అంది డెల్ఫా, ఆ పేరు అలా వచ్చింది. అత్తకు ఈ సంగతి తెలిసి ఒక ఈస్టరు అంతా మాతో మాట్లాడలేదు. ఆ ఈస్టరుకే నేను డెల్ఫాకు నీలం గౌను కుట్టాను. కుట్టి ఇస్తే అది తిన్నగా తీసుకెళ్ళి ఎస్తేరు బోనులో గడ్డి కింద పెట్టింది. కొట్టాల్లో అందరూ చేసే పనే అది, కొత్త కోటు కానీ గౌను కానీ చేతి తొడుగులు కానీ ఒక రాత్రి గడ్డిలో పడుకోవాలి, పెద్ద పిల్లి దాని మీద పొర్లాలి, అప్పుడే మనిషి ఆ బట్ట వేసుకుని లోపలికి వెళ్ళాలి. నాకు ఒళ్ళు మండింది. గుండీల వెంట లేసు కూడా కుట్టాను, ఆ లేసు మీద సింహం పడుకుంది. "కోప్పడకక్కా. మనం మొహం చూసి బాగున్నావా అంటాం, అవి ముక్కుతో అంటాయి. నేనేంటో తెలియకపోతే పాపం దానికి భయం కదా" అంది. ఆ గౌను వేసుకునే చర్చికి వచ్చింది. మా బెంచీ మీద మా ఇద్దరమే కూర్చున్నాం, మా ముందు బెంచీ, వెనక బెంచీ మెల్లగా ఖాళీ అయ్యాయి. డెల్ఫా కీర్తన పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వవలసింది.

బోనులో ఉన్నంతసేపూ డెల్ఫా మాట్లాడుతూనే ఉండేది. ఏం మాట్లాడుతుందో వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది, పొద్దున ఏం తిన్నదీ, బంగాళాదుంపలు మాడ్చినందుకు అక్క ఏమన్నదీ, మంచు మీద జారేటప్పుడు ఓర్విల్ తన చేయి పట్టుకోబోయి తనే ఎలా పడ్డాడో, అన్నీ. మాట ఆగితే వాటికి దీపం ఆర్పేసినట్టు అనేది. కొరడా ఉండేది, దాన్ని ప్యాంటు జేబులో చుట్టి పెట్టుకునేది, చేతిలోకి తీసుకోవడం నేను చూడలేదు.

తెర మీద కొరడా పట్టుకుని విలన్ వచ్చాడు. మెలితిప్పిన మీసాలు, జరీ అల్లికల నల్లకోటు, తోలు బూట్లు. పిల్లలందరూ బుస్సుమన్నారు, ఒకడు వేరుశనగ తొక్కలు తెర మీదికి విసిరాడు. "చంపెయ్ వాణ్ణి" అని క్లీటస్ మెల్లగా అన్నాడు, నేను వాడి వైపు చూశాను, వాడు తల దించుకున్నాడు. పియానో దగ్గర ఐరీన్ ఎడమచేత్తో ఉరుములు కురిపిస్తోంది, నాలుగేళ్ళు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఈ నటుడు ఎంత మంచివాడో నాకు తెలుసు, మా వీధిలో అద్దెకున్నాడు, పిల్లిని చూస్తే తుమ్ములు, సింహాన్ని చూస్తే ముచ్చెమటలు. ఎస్తేరు బోను తలుపు దాకా రావడమే ఆయన ధైర్యం, తలుపు దాటి లోపలికి ఒక్క అడుగు వేయనన్నాడు. వేయనన్నందుకు నేను ఆయన్ని ఏమీ అనలేను. వేయనన్నాడు కాబట్టే.

ఈ చిత్రంలో డెల్ఫా మూడుసార్లు ఉంది, ఈ సంగతి నాకు చెప్పినవాడు కొట్టాల్లో బోనులు కడిగే ఫ్లాయిడ్. రెండుసార్లు కథానాయిక బదులు ఉంది. ఆ నటి కూడా బోనులోకి వెళ్ళనంది, ఆమె గౌను డెల్ఫాకు తొడిగి వెనక నుంచి తీశారు, ఒకసారి సింహం దగ్గరకు నడిచి వెళ్ళి కూర్చుంటుంది, ఇంకోసారి దాని మెడ మీద తల పెట్టుకుని పడుకుంటుంది. ఆ గౌను ముందురోజే గడ్డిలో పెట్టింది, అడగకుండా పెట్టింది, అడిగితే వద్దంటారని. ఆ రెండు చోట్లా మొహం కనబడదు. నాకు మొహం అక్కర్లేదు, ఫోటోల్లో ఉంది. నాకు నడక కావాలి. చిన్నప్పుడు గుర్రపు పిల్ల మీద నుంచి పడ్డాక ఎడమ మడమ కొద్దిగా ఆనించి ఆనించనట్టు నడిచేది, ఆ నడక ఏ ఫోటోలోనూ లేదు. దాన్ని ఇంకొక్కసారి చూద్దామనే నేను ఇక్కడ కూర్చున్నాను. తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోవచ్చు, హాడ్లీగారు ఒప్పుకునేవారే. మూడోసారి ఉన్నది ఆఖరి రీలులో.

ఫ్లాయిడ్ ఈ మాటలు చెప్పడానికి సమాధుల దొడ్డి దాకా నా వెనకే వచ్చాడు, టోపీ రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు. "తాగి చెప్తున్నా అనుకోకండి టీచరమ్మా. తాగితే అసలు చెప్పలేను" అన్నాడు. విలన్ బోనులోకి వెళ్ళాలి, సింహం వాడి మీద పడాలి, ఆ తర్వాత మనిషి బదులు గడ్డి బొమ్మను చూపిస్తారు, అదీ వాళ్ళ ఏర్పాటు. నటుడు వెళ్ళనన్నాడు. "నీ ఎత్తే కదమ్మా, నువ్వే ఆ కోటు తొడుక్కో" అన్నాడట డైరెక్టరు డెల్ఫాతో. సరే, ఒక్క రాత్రి కోటు గడ్డిలో పెట్టనివ్వండి అంది. "అద్దె కోటమ్మా అది, రేపు మళ్ళీ ఆయనే వేసుకోవాలి. నీ సింహం దాని మీద ఉచ్చ పోస్తే ఆయన కంపు కొడుతూ నటించాలా?" పోనీ దానికి తిండి పెట్టనివ్వండి అంది. "తిండి పెడితే నిద్రపోతుంది. మా చిత్రం పేరు మూగజీవుల నిద్ర కాదు." అక్కడున్న వాళ్ళంతా నవ్వారట, ఆ నవ్విన వాళ్ళలో తను కూడా ఉన్నానని ఫ్లాయిడ్ చెప్పాడు. నువ్వు చేయకపోతే ఫ్లాయిడ్‌కి కోటు తొడిగి, చేతికి ఇనుప ఊచ ఇచ్చి పంపిస్తామన్నారు. దానితో డెల్ఫా ఒప్పుకుంది. "ఊచ చూస్తే దానికి ఇంకా పిచ్చెక్కుతుంది, నువ్వుండు, నేనే వెళ్తా, నా గొంతు వింటే చాలు దానికి" అంది. మీసాలు జిగురుతో అంటించారు. ఆ జిగురు వాసన, ఆ నటుడి అత్తరు, వాడి చుట్టల పొగ, అన్నీ ఆ కోటులో ఉన్నాయి. తలుపు తీసేటప్పుడు డైరెక్టరు కేకేశాడు, "పెదాలు కదపకు, కదిపావంటే ఆడదానివని తెలిసిపోతుంది. కాసేపు నోరు మూసుకో తల్లీ, మీ ఆడవాళ్ళకి కష్టమే అనుకో."

వాసన లేదు, గొంతు లేదు. ఎస్తేరు ముందు నిలబడింది పరాయి మగవాడు, చేతిలో కొరడా ఉన్నవాడు. ఆకలితో ఉన్న సింహం పరాయివాణ్ణి ఏం చేయాలో అదే చేసింది. దాని మీద నాకు ఒక్కరోజు కూడా కోపం రాలేదు. "కోటు చిరిగాక అసలు వాసన తగిలింది టీచరమ్మా దానికి. వెంటనే వదిలేసింది. వెనక్కెనక్కెళ్ళి మూల కూర్చుంది, తల గోడకేసి పెట్టుకుని. అప్పుడొచ్చి కాల్చారు." ఇంకా ఏదో చెప్పాలని నోరు తెరిచి మూశాడు. చెప్పు ఫ్లాయిడ్ అన్నాను. "ఆ కెమెరా వాడు ఆపలేదు టీచరమ్మా. కాఫీ మర తిప్పుతున్నట్టు పిడి తిప్పుతూనే ఉన్నాడు." గడ్డి బొమ్మ అవసరం లేకపోయింది వాళ్ళకు. ప్రమాదం తిండి పెట్టేటప్పుడు జరిగిందని పత్రికలకు చెప్పారు, సింహాన్ని వేరే సర్కసుకు అమ్మేశామని ఊళ్ళో చెప్పారు, మా అత్తకు పూలు పంపారు, ఆ ముక్కను అతికించి 'క్రూరునికి తగిన శాస్తి' అని అక్షరాలు రాశారు. పక్క జిల్లాలో ఆడినప్పుడు అక్కడ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట, ఆ చప్పట్ల సంగతి పోస్టరు మీదే వేశారు. ఈ పిల్లలూ కొడతారు. నేను అక్షరాలు నేర్పిన పిల్లలు, దయ గురించి ప్రతి సోమవారం నేను ప్రమాణం చేయించే పిల్లలు, పోయిన శీతాకాలం డెల్ఫా జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసుకుని తిన్న పిల్లలు.

అందుకే ఓర్విల్ దగ్గరకు వెళ్ళాను. టిక్కెట్టు కిటికీ వెనక కూర్చుని కత్తెర తుడుచుకుంటున్నాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఇప్పటికీ లేచి నిలబడతాడు. మీసాల సంగతి చెప్పలేదు. చెబితే అతను ఎవరికీ చెప్పకపోవచ్చు, ముఖం చెబుతుంది, సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది, ఆదివారానికి జిల్లా అంతా టిక్కెట్టు కొంటుంది, నిజంగా చచ్చిపోతున్న అమ్మాయిని చూడటానికి. "ఓర్విల్, ఇందులో డెల్ఫా బోనులో ఉంటుంది. ముందుగా ఒక్కడివే చూడు. ఏది తీసేయాలో చూస్తే నీకే తెలుస్తుంది. నన్ను చెప్పమనకు" అన్నాను. అతను కత్తెర వైపు చూస్తూ, "మీరు చెప్పక్కర్లేదు టీచర్. డెల్ఫాని నేను పోల్చుకోలేనా?" అన్నాడు. అదే నా ధైర్యం. పదేళ్ళ వయసు నుంచి దాన్ని చూసినవాడు, ఒక వేసవి అంతా మా అరుగు మీద నిమ్మరసం తాగినవాడు, డెల్ఫా కాదన్నాక కూడా మా ఇంటి ముందు మంచు ఎత్తిపోసినవాడు, ఏ వేషం వేసినా, ఎన్ని మీసాలు పెట్టినా పోల్చుకుంటాడు.

తెర మీద నటి బోను తలుపు మీద చేయి వేసింది. ఇక్కడే. నేను ముందుకు వంగాను, ఆర్డిత్ నా చేయి పట్టుకుంది. తలుపు తెరుచుకుంది, నటి లోపలికి తొంగి చూసింది. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది, తెల్లటి మెరుపు, నటి బయట నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. "ఏంటది, లోపలికెళ్ళలేదేంటి?" అని క్లీటస్ అడిగాడు. ఫిల్ము తెగి ఉంటుంది, పాత ప్రింటు, ఎన్నో ఊళ్ళు తిరిగింది, తెగిన చోట అతికిస్తే కాస్త పోతుంది. రెండోది ఉంది కదా. మెడ మీద తల పెట్టుకుని పడుకున్నది. మళ్ళీ కాగితం తాటిచెట్లు, మళ్ళీ ఏనుగు, వాడి కొరడా, పిల్లల బుస్సు. రాత్రి అని అక్షరాలు చెప్పాయి, మధ్యాహ్నపు నీడలు కనబడుతున్నాయి. నటి లాంతరు పట్టుకుని వచ్చింది, తలుపు దగ్గర లాంతరు కింద పెట్టింది. బొమ్మ మళ్ళీ ఎగిరిపడింది. లాంతరు తీసుకుని వెళ్ళిపోతోంది.

ఆఖరి రీలు ఎక్కించడానికి దీపాలు వేశారు. ఓర్విల్ మెట్లు దిగి, నడవ గుండా, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీ పక్కన వంగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తీసేశా టీచర్. రెండు చోట్లా. వెనక నుంచి చూసినా గుర్తుపట్టా, ఆ మడమ." చేతులు మళ్ళీ తుడుచుకున్నాడు. "ఎవరూ చూడకూడదు, మీరన్నది నిజమే. నేనే రెండోసారి చూడలేకపోయా." ఆ ముక్కలు ఎక్కడున్నాయి ఓర్విల్ అని అడిగాను, నా గొంతు మామూలుగానే ఉంది. "పెరట్లో కాల్చేశా. దాచుకుంటే ఎవడో ఒకడి చేతిలో పడుతుంది కదా. ఫిల్ము వాళ్ళు జరిమానా వేస్తే వెయ్యనీండి." అతను అంటూ ఉండగానే నేను థాంక్యూ అన్నాను, ఎందుకన్నానో, బళ్ళో పిల్లలు బొమ్మ గీసి తెచ్చిస్తే అన్నట్టు అలవాటుగా అన్నాను. "ఓర్విల్, ఈ ఆఖరి రీలులో" అన్నాను. పైన మిషను తిరిగింది. "వస్తా టీచర్, అక్కడ కొత్త కుర్రాడు, ఫిల్ముకి నిప్పంటుకుంటే హాలంతా పోతుంది" అని పరుగెత్తాడు. దీపాలు ఆరాయి.

బతికున్న డెల్ఫాను కాల్చేశారు. చచ్చిపోయే డెల్ఫా మిగిలింది. ఈ మాట నా లోపల పెద్ద గొంతుతో వినబడింది, నేను ఎప్పుడూ వాడని గొంతు. ఎవరి మీద అరవాలి? ఓర్విల్ మీదా, ఏడ్చి కాల్చిన ఓర్విల్ మీదా? కోటుకు జాగ్రత్త పడి మనిషిని బోనులోకి తోసిన డైరెక్టరు ఎక్కడో ఎండలో ఇంకో చిత్రం తీస్తున్నాడు, దేని గురించో, తల్లి ప్రేమ గురించి కావచ్చు. కాఫీ మర తిప్పినట్టు కెమెరా తిప్పినవాడికి జీతం పెరిగి ఉంటుంది. హాడ్లీగారు జేబు రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు, సింహం బాధకు కరిగిపోయారు. నాకు ఈ తెర చింపాలని ఉంది, చేతులతో, గోళ్ళతో, ఇలాంటి కోరిక నాకు ఉంటుందని నాకు తెలియదు. లేచి చెప్పేస్తే? అది విలన్ కాదు పిల్లలూ, అది డెల్ఫా అని? చెబితే ఒక్కడు కూడా కన్ను ఆర్పడు. చప్పట్లు కొట్టరు, నిజమే, గుడ్లు పెద్దవి చేసుకుని చూస్తారు, జన్మంతా చూస్తూ ఉంటారు, రేపు వాళ్ళ అన్నలను, నాన్నలను తీసుకొస్తారు. చెప్పకపోతే చప్పట్లు. మేడ మెట్లు ఎక్కి మిషను ఆపమందామా, ఎక్కేలోగా అయిపోతుంది. 'పాపము పండు వేళ' అని పిల్లలు చదివారు. వాడు కొరడా చుట్టుకుంటూ బోను తలుపు దగ్గరకు వచ్చాడు, ఇంకా నటుడే, ఆ లావు మెడ నటుడిదే. క్లీటస్ రెండు చేతులూ ఎత్తి సిద్ధంగా పట్టుకున్నాడు. అన్ని వరుసల్లోనూ చేతులు లేస్తున్నాయి. పోస్టరు చదివారు కదా, ఎక్కడ కొట్టాలో తెలుసు.

నేను లేచాను. నడవలోకి వెళ్ళి తెరకు వీపు పెట్టి నిలబడ్డాను, వాళ్ళ ముఖాల మీద వెలుగు కదులుతోంది. గొంతు పెంచలేదు, పెంచితే పిల్లలు వినరు. "తలలు దించండి" అన్నాను. నా తరగతి ఒక్క క్షణం నన్ను చూసింది. "మోకాళ్ళ మీద. కళ్ళు మూసుకోండి. అందరూ."

ముందు ఆర్డిత్ వంగింది, తర్వాత ఆ వరుస, తర్వాత దాని వెనక వరుస, గాలికి గోధుమ చేను వాలినట్టు. వేరే తరగతుల పిల్లలు కూడా, వాళ్ళూ ఒకప్పుడు నా దగ్గర కూర్చున్నవాళ్ళే, కూర్చోబోయేవాళ్ళే. వాళ్ళ టీచర్లు నా ముఖం చూసి ఏమీ అడగకుండా తలలు దించారు. క్లీటస్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. వాడి పేరు పిలిచాను. "ఇప్పుడే కదా టీచర్ అసలుది" అన్నాడు, ఏడుపు గొంతుతో. తెలుసు, తల దించు నాన్నా అన్నాను. దించాడు. "ఏమిటిది మిస్ ట్రెస్లర్?" అని హాడ్లీగారు నడవ అవతల నుంచి అన్నారు, "దీని కోసమే కదా వాళ్ళను తెచ్చింది?" నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషికి నేను జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. తెర వైపు తిరిగాను.

తలుపు దాటి లోపలికి వచ్చిన మనిషి మెడ సన్నగా ఉంది. కోటు భుజాల దగ్గర వదులు. మీసాల కింద నోరు గట్టిగా మూసి ఉంది, అది అంతసేపు మూసి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎస్తేరు తల ఎత్తింది. ముక్కు ఎత్తి వెతికింది, ఇటు వెతికింది, అటు వెతికింది, దానికి ఏమీ దొరకలేదు, నాకు కనబడింది దానికి ఏమీ దొరకకపోవడం. ఐరీన్ నన్ను చూసింది, తెరను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఆమె చేతులు మీటల మీద ఆగిపోయాయి. హాలులో మిషను గరగర తప్ప ఏమీ లేదు. వెనక గోడ దగ్గర నిలబడ్డ పెద్దవాళ్ళు కొందరు చూస్తున్నారు, వాళ్ళను నేనేం చేయను, వాళ్ళు కూడా చేతులు కట్టుకునే నిలబడ్డారు, అన్ని వంచిన తలల వెనక చప్పట్లు కొట్టడం ఎవరి వల్లా కాలేదు. నేను అంతా చూశాను. ఎవరైనా ఒకరు చూడాలి, డెల్ఫాను డెల్ఫాగా తెలిసినవాళ్ళు. కోటు చిరిగింది. చిరిగాక ఫ్లాయిడ్ చెప్పిన వెనక్కి నడవడం, మూల కూర్చోవడం అందులో లేవు, వాటిని వాళ్ళు కత్తిరించారు, వాళ్ళకు అవి అక్కర్లేదు. అక్షరాలు పడ్డాయి, శాస్తి అని. ఈసారి చదివే గొంతు ఒక్కటీ లేదు.

తర్వాత కాగితం తాటిచెట్లు. సింహం స్వేచ్ఛగా వాటి మధ్యకు నడిచి వెళుతోంది, బాగా తిన్న సింహం, నున్నటి డొక్కలు. పేపర్ పువ్వులు పైనుంచి రాలుతున్నాయి.

"టీచర్" అంది ఆర్డిత్, నుదురు మోకాళ్ళకు ఆనించుకునే. "సింహానికి ఏం కాలేదు కదా?"

దయాసంఘంలో మొదటి నియమం జంతువుకు అపకారం చేయకపోవడం, రెండోది అబద్ధం ఆడకపోవడం. రెండూ నేనే రాశాను.

"కాల్చి చంపేశారమ్మా" అన్నాను.

ఆ మాట ఎంతవరకు వినబడిందో తెలియదు, తలలు ఒక్కొక్కటే లేచాయి. నేను వద్దనలేదు. పిల్లలు తెర మీద నడిచి పోతున్న సింహాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు.

"మరి ఇదెవరు టీచర్?"

"ఇది వేరే సింహం" అన్నాను. "లేవండి. కోట్లు వేసుకోండి."